చలి యెడారిలో మోటారు సైకిలు యాత్ర: ముందుగా వేసికొనవలసిన లెక్కలు



ఇంటిలోని పడుచువాడు మోటారు సైకిలుపై లడఖ్ పోయి వచ్చెదనని చెప్పినప్పుడు పెద్దలు సాధారణముగా రెండు మాటలలో ఒకటి అందురు. కొందరు "వద్దు" అందురు. కొందరు "సరే, జాగ్రత్త" అందురు. ఈ రెండు మాటలలోను విచారణ లేదు. వద్దన్నవాని మాట మీరి పిల్లవాడు చెప్పకుండ పోవును. జాగ్రత్త అన్నవాని మాట విని, జాగ్రత్త యనగా నేమో తెలియకయే పోవును. మధ్యనున్న మార్గము విచారించుట. ఏమేమి విచారింపవలెనో నేను నష్టపడి నేర్చుకొన్నంతవరకు నేడు మీకు విన్నవించుకొందును.

నేను అనంతపురము ప్రాంతమువాడను. బడిపంతులుగా పనిచేసి విరమించుకొన్నవాడను. నా మేనల్లునితో కూడి రెండు పర్యాయములు ఆ ప్రాంతమునకు బయలుదేరితిని. 2022 జూలైలో సగము దారిలో వెనుకకు తిరిగితిమి. 2023 సెప్టెంబరులో అనుకొన్న చుట్టు ముగించుకొని క్షేమముగా ఇల్లు చేరితిమి. రెండవమారు మాకు ధైర్యము పెరుగలేదు. నిజము చెప్పవలెనన్న తగ్గినది. లెక్క మాత్రము కుదిరినది.

మొదట ఆ దేశము సంగతి. ఎడారి యనగానే మనకు ఎండయు ఇసుకయు స్ఫురించును. లడఖ్ చలి యెడారి. నైఋతి ఋతుపవనములు తెచ్చు మేఘములను హిమాలయములు దక్షిణపు వైపుననే ఆపివేయుటచేత ఆవలి వైపున వాన పడదు. మా అనంతపురము కరవు సీమయని పేరు పడినది. అయినను అక్కడ ఏటికి దాదాపు 550 మిల్లీమీటర్ల వర్షము కురియును. లేహ్ పట్టణమున కురియునది సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే. చెట్టు లేదు, పచ్చిక లేదు. కొండపైని మంచు కరిగి వచ్చు కాలువ ఎచ్చట పారునో అచ్చటనే ఊరు, అచ్చటనే యవల చేను, జల్దారు చెట్టు. ఆ ఊళ్లలో నీటి వంతులు చూచు మనిషిని చుర్‌పోన్ అందురు. మన రాయలసీమలో నీరుగంటి, తెలంగాణములో నీరటికాడు చేయు పనియే అతనిది. ఈ ఒక్క సంగతి విన్నంతనే ఆ నేల స్వభావము మీకు బోధపడియుండును. లెక్క లేక ఒక చుక్కయు ఖర్చు చేయని ప్రదేశము అది. అచ్చటికి పోవువాడును లెక్కతోనే పోవలెను.

ఇక వాహనము. మా మేనల్లుడు కొన్నదానిని డ్యూయల్ స్పోర్టు తరహా బండి యందురు. తారురోడ్డునకును, రాళ్లబాటకును పనికివచ్చునట్లు చేసినది. ముందు చక్రము పెద్దది. అడుగుభాగము నేలకు ఎత్తుగా నుండును. అదురును మ్రింగు స్ప్రింగులు పొడవైనవి. టైరుల గాడులు లోతైనవి. ఊరి బాటకును దుక్కిచేనికిని ఒకే బండి వాడుకొను రైతునకు ఈ రాజీ తెలియనిది కాదు. తారురోడ్డుపై అది అన్నిటికంటె వేగమైనది కాదు, ఇసుకలో అన్నిటికంటె తేలికైనది కాదు, కాని రెంటిని దాటించును. నేనును అటువంటి దానినే మరియొకటి సంపాదించితిని. రైలులో పార్సెలుగా పంపుటకు ముందు టాంకులోని పెట్రోలు పూర్తిగా తీసివేయవలెనను నియమము కలదు. కావున దిగిన స్టేషనులో మొదటి పని పెట్రోలు వెదకుకొనుట.

2022లో బయలుదేరుటకు ముందు మా చెల్లెలి మామగారు మమ్ము కూర్చుండబెట్టి దారి వివరము అడిగిరి. ఎనుబది దాటిన వృద్ధులు. హైదరాబాదు దాటి ఉత్తరమునకు పోయి ఎరుగరు. నేను కాగితము తీసి చదివితిని. చండీగఢ్ వరకు రైలు, మనాలిలో ఒక రాత్రి, కేలాంగ్‌లో ఒక రాత్రి, సర్చులో ఒక రాత్రి, నాలుగవనాడు లేహ్. మనాలి నుండి లేహ్ కు దాదాపు 430 కిలోమీటర్లు. దినమునకు నూటయేబది చొప్పున మూడు దినములు. అంతయు విని ఆయన ఒక్కటే అడిగిరి: "నాయనా, పోవుటకు లెక్క చెప్పితివి. తిరిగి వచ్చుటకు లెక్క ఏది?" వచ్చిన దారినే వచ్చెదమని చెప్పి లేచితిమి. ఆయన ప్రశ్న మాకు అప్పుడు అర్థము కాలేదు.

రోహతాంగ్ కనుమ క్రింద తొలిచిన అటల్ సొరంగము 2020 అక్టోబరు 3వ తేదీన తెరువబడినది. పొడవు తొమ్మిది కిలోమీటర్లకు పైగా ఉన్నది. పూర్వము మనాలి నుండి ఆవలి లోయకు చేరుటకు సగము దినము పట్టెడిది. మేము ఫలహారము ముగించి బయలుదేరి మధ్యాహ్న భోజనమునకు ముందే చేరితిమి. చంద్రా, భాగా నదులు కలిసెడి తాండీ వద్ద పెట్రోలు బంకు ఉన్నది. తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమున ఉన్నదని అచ్చటి బోర్డు మీద వ్రాసియుండగా చూచితిమి. టాంకులు నింపితిమి, డబ్బాలు నింపితిమి. పెట్రోలు లెక్కలో తప్పు లేదు. ఆ రాత్రి కేలాంగ్‌లో సుఖముగా నిదురించితిమి. మరునాడు బారాలాచా లా అను కనుమ దాటి సర్చు మైదానమునకు దిగితిమి. లా అనగా వారి భాషలో కనుమ.

తప్పు ఎచ్చట జరిగినదో ఇప్పుడు వినుడు. మేము కిలోమీటర్ల లెక్క వేసితిమి గాని మీటర్ల లెక్క వేయలేదు. దారి పొడవు చూచితిమి గాని ఎత్తు చూడలేదు. మనాలి సముద్రమట్టమునకు సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉన్నది. కేలాంగ్ 3,080. సర్చు 4,290. అనగా రెండవ రాత్రికి మూడవ రాత్రికి నడుమ మా పడక 1,200 మీటర్లు పైకి లేచినది. వైద్యులు చెప్పు నియమమేమనగా, 3,000 మీటర్లు దాటిన తరువాత ఒక రాత్రి పడకకును మరుసటి రాత్రి పడకకును నడుమ 500 మీటర్లకంటె ఎత్తు పెరుగరాదు. మూడు నాలుగు దినములకు ఒక దినము ఎక్కుట మాని నిలువవలెను. పగలు ఎంత యెత్తుకు ఎక్కి దిగితివన్నదానికంటె, రాత్రి ఎంత యెత్తున పండుకొంటివన్నది ముఖ్యము.

దీనికి కారణము గాలి. గడ్డివామి అడుగున గడ్డి పైబరువుచేత బిగిసియుండును. పైన వదులుగా ఉండును. గాలియు అట్లే. ప్రాణవాయువు పాలు అంతటను ఒకటే, నూటికి ఇరువదియొకటి. కాని పైకి పోయినకొలది గాలి వదులగుటచేత ఒక ఊపిరికి దొరకునది తగ్గును. లేహ్‌లో సముద్రతీరమున దొరకు దానిలో మూడింట రెండు పాళ్లు దొరకును. ఆ దారిలోని ఎత్తైన కనుమ టంగ్‌లంగ్ లా, 5,328 మీటర్లు. అచ్చట సగముకంటె కొంచెము ఎక్కువ. మనిషి దేహము దీనికి అలవాటుపడగలదు, కాని దానికి దినములు కావలెను. ఎంత బలశాలియైనను ఆ దినములను తగ్గించుకొనలేడు. కండబలమునకు ఈ వ్యాధికి సంబంధము లేదు. పడుచువాడు తొందరగా ఎక్కును గనుక తొందరగా చిక్కును.

ఆ రాత్రి తొమ్మిది గంటలకు మా మేనల్లుడు "తల పగిలిపోవుచున్నది మామా" అన్నాడు. అన్నము ముట్టలేదు. పదునొకండు గంటలకు రెండుమార్లు వాంతి. గుడారము వెలుపల నీరు గడ్డకట్టుచున్నది. ఈ జబ్బు రెండు విధముల ముదురునని నేను చదివియుంటిని. ఊపిరితిత్తులలో నీరు చేరినచో కూర్చున్నను ఆయాసము, దగ్గు కలుగును. మెదడు వాచినచో మాట తడబడును, నడక తూలును. రెంటిలో ఏది వచ్చినను తెల్లవారువరకు ఆగరాదు. లాంతరు పట్టుకొని వానిని ఒక గీతపై మడమకు వ్రేళ్లు తాకించుచు నడువుమంటిని. నడిచినాడు. తూలలేదు. గుడారముల యజమాని దగ్గర ఒక ప్రాణవాయు సిలిండరు ఉండగా అడిగి తెచ్చితిని.

దీనికి ఉత్తమమైన మందు క్రిందికి దిగుట. దిగుదము పద అని నేను అన్నప్పుడు ఆ యజమాని చేతితో రెండు దిక్కులు చూపెను. వెనుక బారాలాచా లా, 4,890 మీటర్లు. ముందు నకీ లా, దాని వెనుక 5,000 మీటర్లు దాటిన లాచుంగ్ లా. నడుమ గిన్నె అడుగున ఉన్నట్లు సర్చు. ఇటు పోయినను అటు పోయినను, దిగవలెనన్న మొదట ఎక్కవలెను. మా చెల్లెలి మామగారి ప్రశ్న నాకు ఆ అర్ధరాత్రి అర్థమైనది. తిరిగి వచ్చు లెక్క లేదు.

తెల్లవారుజామున జీపు ఒకటి మనాలి వైపు పోవుచుండగా వానిని సిలిండరుతో సహా అందులో కూర్చుండబెట్టి, నేను వెనుకనే నా బండిపై పోయితిని. కనుమ దాటువరకు నేను పడిన భయము చెప్పనలవి కాదు. ఎనుబది కిలోమీటర్లకు పైగా పోయి 3,200 మీటర్ల ఎత్తున జిస్పా చేరుసరికి వాడు కండ్లు తెరచి టీ అడిగినాడు. సాయంకాలమునకు రొట్టె తిన్నాడు. వాని బండి రెండు దినముల తరువాత లారీలో వచ్చినది. మేము ఇల్లు చేరితిమి. పెద్దాయన ఏమియు అనలేదు. వాని తల నిమిరి లోపలికి పోయిరి.

మరుసటి సంవత్సరము వాడు మరల పోవుదమన్నప్పుడు ఆరు నెలలు కూర్చుండి లెక్కలు వేసితిమి. ఆ లెక్కలే మీకు చెప్పదలచితిని.

మొదటిది ఎత్తు లెక్క. ఈమారు మనాలి దారి విడిచి శ్రీనగరు దారి పట్టితిమి. శ్రీనగరు సుమారు 1,600 మీటర్లు, కార్గిల్ దాదాపు 2,700, లామాయూరు 3,500, లేహ్ 3,500. కార్గిల్‌లో రెండు రాత్రులు నిలిచితిమి. ఆ దారిలో అన్నిటికంటె ఎత్తైన ఫోతు లా 4,108 మీటర్లు మాత్రమే, దానిని పగటిపూట దాటి దిగుదుము. ఇట్లు మెట్లు మెట్లుగా ఎక్కి లేహ్‌లో మూడు రాత్రులు ఊరక ఉంటిమి. ఊరక ఉండుట పడుచువారికి కష్టము. కాని అది యాత్రలో భాగమే గాని వృథా కాదు. కాగితముపై ప్రతి రాత్రి ఎదుట మూడు అంకెలు వ్రాసితిమి: పడక ఎత్తు; అచ్చటినుండి తక్కువ ఎత్తుగల ఊరు ఎంత దూరము; ఆ ఊరికి పోవుటకు ఎక్కవలసినది ఎంత. మూడవ అంకె పెద్దదైనచోట ఒంటికి పూర్తిగా అలవాటు కానిదే రాత్రి ఉండరాదని నిశ్చయించుకొంటిమి. ఎత్తునకు వాడు మాత్రలు కలవు. అవి వైద్యుని అడిగియే వాడవలెను. గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు బయలుదేరుటకు ముందే వైద్యునికి చూపుకొనవలెను. ఇద్దరమును చూపుకొంటిమి.

రెండవది పెట్రోలు లెక్క. లేహ్ నుండి మేము పోదలచిన చుట్టు ఇది. సింధునది వెంట చుమాథాంగ్ వరకు. మాహే వంతెన దాటి త్సో మోరిరి సరస్సు ఒడ్డున కోర్జోక్ గ్రామము. అచ్చటినుండి వేడినీటి బుగ్గలుగల పూగా లోయ మీదుగా పోలోకోంకా లా దాటి త్సో కార్ సరస్సు. తరువాత టంగ్‌లంగ్ లా ఎక్కి దిగి లేహ్. త్సో అనగా సరస్సు. అంతయు దాదాపు 460 కిలోమీటర్లు. మన రోడ్లపై నా బండి లీటరుకు ముప్పది కిలోమీటర్లు ఇచ్చును. ఆ అంకె అచ్చట పనికిరాదు. ఇసుకలో, రాళ్లలో, మొదటి రెండవ గేర్లలో ఈడ్చుచు పోవునప్పుడు ఇరువదియైదే నమ్మవలెను. 460ని 25చే భాగింపగా పద్దెనిమిదిన్నరకు చేరువ. దారి తప్పుటకును, వెనుదిరుగుటకును అందులో ఐదవ వంతు కలుపగా 22 లీటర్లు. టాంకులో పట్టునది 15. మిగిలిన ఏడు లీటర్లు రెండు లోహపు డబ్బాలలో పోసితిమి. డబ్బా ఐదు లీటర్లదైనను మూడున్నరయే పోసితిమి; ఎత్తున బయటి గాలి ఒత్తిడి తగ్గి డబ్బా ఉబ్బును గనుక ఖాళీ ఉంచవలెను, మూత మెల్లగా తీయవలెను. ఫలాన ఊళ్లో సీసాలతో పెట్రోలు అమ్ముదురని ఎవరైన చెప్పిన సంతోషింపవచ్చును గాని లెక్కలో వేయరాదు.

మనిషికివలెనే యంత్రమునకును ఊపిరి చాలదు. ఐదువేల మీటర్లపైన ఇంజను బలము సగమునకు దగ్గరగా పడిపోవును. కావున బరువు తగ్గించవలెను. మొదటిమారు తెచ్చిన సామానులో మూడవ వంతు రెండవమారు ఇంటనే విడిచితిమి. బరువైనవి క్రిందను, బండి నడుమకు దగ్గరగాను కట్టితిమి.

మూడవది నీరు, ఆహారము. గాలి మిక్కిలి పొడి గనుక చెమట పట్టినట్లే తెలియదు, కాని దేహములోని నీరు ఆరిపోవును. మనిషికి దినమునకు నాలుగు లీటర్లు లెక్క వేసితిమి. ఎదుటనే సరస్సు ఉన్నను త్రాగుటకు పనికిరాకపోవచ్చును. త్సో కార్ అనగా తెల్ల సరస్సు, ఒడ్డున ఉప్పు పేరుకొనియుండును. పూర్వము చాంగ్‌పా యను గొఱ్ఱెల కాపరులు ఆ ఉప్పును ఎత్తుకొనిపోయి వర్తకము చేసెడివారు. మరియొక వింత. 4,500 మీటర్ల ఎత్తున నీరు సుమారు 85 డిగ్రీలకే మరగును. ఎంతసేపు మరగినను బియ్యము పలుకుగనే ఉండును. అన్నము కావలెనన్న ప్రెషరు కుక్కరు ఉండవలెను. లేనిచో అటుకులు, వేరుసెనగలు, బెల్లము, యవల పిండి మేలు. మా చెల్లెలు కట్టి ఇచ్చిన సున్నియుండలు మాకు నాలుగు దినములు వచ్చినవి.

నాలుగవది మరమ్మతు. అచ్చట మెకానిక్కు అనగా నీవే. పంక్చరు వేయుట, చక్రము విప్పి బిగించుట, తెగిన చైనుకు లంకె వేయుట ఇంటివద్ద వాకిటిలో మూడేసిమార్లు చేసి చూచిన తరువాతనే బయలుదేరితిమి. చేతిపంపు, ట్యూబులు, టైరు లీవర్లు, క్లచ్చి తీగ, యాక్సిలేటరు తీగ, బ్రేకు క్లచ్చి పిడులు, స్పార్కు ప్లగ్గు, ఫ్యూజులు, బందనపు తీగ: ఇవి మా సంచి. పరికరములు కొనుట సులభము. చీకటిలో చలికి కొంకర్లు పోయిన వ్రేళ్లతో వాడుట వేరు.

ఐదవది పూట లెక్క. ఎడారిలో నదులు దాటవలసివచ్చునన్న నమ్ముదురా? కొండపైని మంచు ఎండకు కరిగి మధ్యాహ్నమునకు దారికి అడ్డముగా పారును. ఉదయము మడమ మునుగు కాలువ సాయంకాలము మోకాలు మునిగించును. కావున తెల్లవారగానే బయలుదేరి, రెండు గంటలకు బస చేరవలెను. అచ్చటి నీట తడిసిన కాళ్లతో గాలిలో పోయిన దేహపు వేడి త్వరగా జారిపోవును. ఎండిన వాగులో గుడారము వేయరాదు. ఎప్పుడో గాని వాన పడదు. పడినప్పుడు నిలుపుటకు గడ్డియైన లేదు గనుక కొండ మన్నంతయు దిగును. 2010 ఆగస్టు 5వ తేదీ రాత్రి అట్టి వాననే లేహ్ పరిసరములలో రెండువందలమందికి పైగా మరణించిరి.

ఆరవది వార్త. ఆ లోయలలో చాలచోట్ల టెలిఫోను పలుకదు. ఇతర రాష్ట్రముల ముందుచెల్లింపు సిమ్ములు అచ్చట మాకు పనిచేయలేదు. నెలబిల్లు సిమ్ములే పనిచేసినవి. ఉపగ్రహపు ఫోనులు అనుమతి లేక దగ్గర నుంచుకొనుట మన దేశమున నేరము. కావున పాతకాలపు ఉపాయమే శరణ్యము: కాగితము. ఏ తేదీన ఎచ్చట ఉందుమో, ఏ దారిన పోవుదుమో, ఏ తేదీవరకు వార్త రానిచో ఎవరికి చెప్పవలెనో వ్రాసి, ఒక ప్రతి లేహ్‌లో బస యజమానికి, ఒక ప్రతి ఇంటికి ఇచ్చితిమి. సరిహద్దు ప్రాంతము గనుక పత్రములు, రుసుములు మారుచుండును; లేహ్ కలెక్టరు కార్యాలయమున అడిగి తెలిసికొని పోవలెను. ఒంటరిగా పోరాదు. రెండు బండ్లకు తక్కువ కారాదు.

ఇక ఏడవది, కడపటిది, నా అభిప్రాయమున అన్నిటికంటె గొప్పది: ఖాళీ దినము. చుట్టునకు నాలుగు దినములు చాలును. మేము ఐదు వ్రాసితిమి. ఐదవ దినము ఎదుట ఏమియు వ్రాయలేదు. మొదటి రాత్రి సుమారు 4,000 మీటర్ల ఎత్తునగల చుమాథాంగ్‌లో, రెండవ రాత్రి కోర్జోక్‌లో పండుకొంటిమి. కోర్జోక్‌లో తెల్లవారి లేచి చూడగా కొండలన్నియు తెలుపు. రాత్రి మంచు కురిసినది. మేము దాటవలసిన కనుమ ఐదువేల మీటర్లకు చేరువ. మేనల్లుడు బండి వైపు చూచినాడు, కొండ వైపు చూచినాడు, జేబులోని కాగితము తీసినాడు. "మామా, ఖాళీ దినము ఈనాడే" అన్నాడు. నేను చెప్పవలసిన మాట వాడే చెప్పినాడు. ఆ మాటకు నేను పొందిన సంతోషము చెప్పలేను. ఆనాడు ఆ ఇంటి ముసలమ్మ పొయ్యి దగ్గర కూర్చుండి ఉప్పువేసిన వెన్న టీ త్రాగితిమి. మరునాడు ఎండకు మంచు కరిగి, దారి తేరుకొన్నది.

ఆ దినము పూగా లోయలో పొగలు గ్రక్కు బుగ్గలను, త్సో కార్ మైదానమున కియాంగ్ అను అడవిగాడిదల మందను చూచితిమి. నల్లమెడ కొంగలు ఆ సరస్సుల ఒడ్డున గూళ్లు కట్టును. త్సో మోరిరి 2002లోను, త్సో కార్ 2020లోను రామ్‌సర్ ఒడంబడిక క్రింద కాపాడవలసిన చిత్తడినేలలుగా గుర్తింపబడినవి. పడుచువారు సరదాకు మైదానముపై బండ్లు అడ్డదిడ్డముగా నడపుదురు. వాన లేని నేలలో చక్రపు చాలు ఏండ్ల తరబడి చెరగదు, గూళ్లు చెడును, గొఱ్ఱెలు మేయు కొద్దిపాటి గడ్డి నశించును. ఉన్న బాట విడువరాదు. తెచ్చిన చెత్త తిరిగి తెచ్చుకొనవలెను. ఇదియు లెక్కలోనిదే.

లేహ్ చేరి టాంకు తెరచి చూడగా నా బండిలో నాలుగు లీటర్లకు తక్కువ మిగిలియున్నది. మేము కలిపిన ఐదవ వంతు దాదాపు అట్లే మిగిలినదన్నమాట. అంత మోయుట వృథా గాదా అని మేనల్లుడు అడిగినాడు. కనుమకు ఆవల మంచు కరుగక, మేము కోర్జోక్ నుండి వచ్చిన దారినే తిరిగిపోవలసియుండిన పక్షమున ఆ నాలుగు లీటర్ల విలువ ఎంతయో చెప్పుమంటిని.

పెద్దలారా, మీ ఇంట ఎవరైన ఇట్టి యాత్రకు అనుమతి అడిగినచో వద్దని త్రోసివేయకుడు. ఆ కొండలు, ఆ సరస్సులు చూడదగినవి. ఆ ప్రజలు ఆదరము గలవారు. కాని కాగితము తీసి చదువుమనుడు. ప్రతి రాత్రి పడక ఎత్తు వ్రాసినాడా? జబ్బుచేసిన ఏ దారిన దిగునో తెలియునా? పెట్రోలులో ఐదవ వంతు కలిపినాడా? పంక్చరు తన చేతితో మీ ఎదుట వేసి చూపినాడా? ఇంటికి ఒక ప్రతి ఇచ్చినాడా? ఖాళీ దినము ఉంచినాడా? వీనికి సమాధానములు చెప్పినవానిని ఆశీర్వదించి పంపుడు. చెప్పలేనివానిని మరుసటి సంవత్సరము పొమ్మనుడు. కొండ ఎచ్చటికిని పోదు.

రెండవమారు బయలుదేరునప్పుడు మా చెల్లెలి మామగారు మరల మమ్ము కూర్చుండబెట్టి అదే ప్రశ్న అడిగిరి. ఈమారు మేనల్లుడే కాగితము తీసి, ఏ రాత్రి ఎచ్చటినుండి ఎట్లు వెనుదిరుగవచ్చునో వరుసగా చదివినాడు. ఆయనకు ఆ ఊళ్ల పేర్లు పలుకుట రాదు. అయినను చివరివరకు విని, "సరే, పోయి రా" అనిరి. మొదటిమారు ఆయన మాకు "పో" అనియు అనలేదు, "రా" అనియు అనలేదు.